తల, మెడ కేన్సర్ల గుర్తింపులో న్యూక్లియర్ మెడిసిన్: ఐర్లండ్

నోరు, నాలుక, అంగిలి, గొంతు, స్వరపేటిక, ముక్కు, సైనస్‌లు, లాలాజల గ్రంథులు. వీటిలో పుట్టే కేన్సర్లన్నిటినీ కలిపి తల, మెడ కేన్సర్లు అంటారు. మెదడులో వచ్చే కణితులు ఈ లెక్కలోకి రావు. థైరాయిడ్ కేన్సర్‌ను చాలా చోట్ల విడిగా లెక్కిస్తారు గానీ, ఆ గ్రంథి ఉన్నది మెడలోనే. పైగా న్యూక్లియర్ మెడిసిన్ అనే వైద్య శాఖ ఎదిగిందే దాని చుట్టూ. అందుకని ఇక్కడ దాన్నీ కలుపుకోక తప్పదు. మిగిలినవాటిలో అత్యధికం నోటి, గొంతు లోపలి పొరలోని స్క్వేమస్ కణాల్లో మొదలవుతాయి.

న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్‌లో రేడియోధార్మిక పరమాణువును తగిలించిన మందును బహు కొద్ది మోతాదులో ఒంట్లోకి ఎక్కిస్తారు. దీన్ని ట్రేసర్ అంటారు. అది ఏ కణాల్లో చేరుతుందో అక్కడి నుంచి వెలువడే కిరణాలను బయటి కెమెరా పట్టుకుంటుంది. సీటీ, ఎంఆర్‌ఐ స్కాన్లు కణితి ఆకారాన్నీ, కొలతనూ చెబితే, ఇది ఆ కణాలు చేస్తున్న పనిని చూపిస్తుంది. మెడలో ఈ తేడాకు విలువ ఎక్కువ. రక్తనాళాలు, నరాలు, కండరాలు, వందలాది శోషరస గ్రంథులు కొద్ది అంగుళాల్లో ఇరుక్కుని ఉండే చోటది. ఒకసారి ఆపరేషనో రేడియేషనో జరిగాక ఏది మచ్చో ఏది కణితో ఆకారాన్ని బట్టి చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే.

ఐర్లండ్‌లో ఈ విద్యకు ఒక వింత నేపథ్యం ఉంది. 2022 జనగణన ప్రకారం జనాభా 51 లక్షల పైచిలుకు. దేశంలో ఒక్క అణు రియాక్టరూ లేదు. వెక్స్‌ఫర్డ్ జిల్లా కార్న్‌సోర్ పాయింట్ వద్ద అణు విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన 1970ల చివర ప్రజల నిరసన నడుమ ఆగిపోయింది. అణు విచ్ఛిత్తితో విద్యుత్ తయారీకి 1999 నాటి విద్యుత్ నియంత్రణ చట్టం తలుపులు మూసేసింది. అయినా ఆ దేశపు పెద్దాసుపత్రుల్లో రేడియోధార్మిక మందులు రోజూ వాడతారు. విదేశీ రియాక్టర్లలో పుట్టిన పదార్థం విమానం ఎక్కి వస్తుంది.

తొలి అడుగులు

రేడియోధార్మికతను కేన్సర్ వైద్యానికి వాడడంలో డబ్లిన్‌కు తొలి నాళ్ల నుంచీ చోటుంది. ట్రినిటీ కాలేజీ భూగర్భ శాస్త్రవేత్త జాన్ జోలీ, డాక్టర్ స్టీవెన్స్ ఆసుపత్రికి చెందిన వైద్యుడు వాల్టర్ స్టీవెన్సన్ కలిసి 1914లో ఒక పద్ధతి రూపొందించారు. ఖరీదైన రేడియంను రోగి ఒంట్లో పెట్టకుండా, దాని నుంచి పుట్టే రేడాన్ వాయువును సన్నని గాజు గొట్టాల్లో పట్టి, వాటిని బోలు సూదుల్లో అమర్చి కణితిలోకి గుచ్చేవారు. రేడాన్ కొద్ది రోజుల్లో క్షీణించిపోతుంది. రేడియం మాత్రం భద్రంగా ప్రయోగశాలలోనే ఉండి మళ్లీ మళ్లీ వాయువునిస్తుంది. ప్రపంచమంతా దీన్ని డబ్లిన్ పద్ధతి అంది. రాయల్ డబ్లిన్ సొసైటీ అదే ఏడాది రేడియం సంస్థను నెలకొల్పింది. ఇది చికిత్సే గాని చిత్రణ కాదు. అయితే అర్ధాయుష్షు తక్కువున్న పదార్థాన్ని ఒకచోట పిండుకుని ఆసుపత్రికి పంపే ఏర్పాటు నేటి న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని తీసే పద్ధతికి చాలా దగ్గరి చుట్టం.

మరో ఐరిష్ పేరు ఎర్నెస్ట్ వాల్టన్. వాటర్‌ఫర్డ్ జిల్లా డంగార్వన్‌లో పుట్టిన ఆయన 1932లో కేంబ్రిడ్జిలో జాన్ కాక్‌క్రాఫ్ట్‌తో కలిసి, ప్రోటాన్లకు కృత్రిమంగా వేగం పెంచి లిథియం కేంద్రకాన్ని చీల్చాడు. తరవాత ట్రినిటీ కాలేజీకి తిరిగొచ్చి అక్కడే పాఠాలు చెప్పాడు. 1951లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పెట్ (పాజిట్రాన్ ఎమిషన్ టోమోగ్రఫీ) స్కాన్ మందుకు కావలసిన ఫ్లోరిన్-18ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం నిర్మాణం వేరు గానీ, అందులోనూ జరిగేది ప్రోటాన్లను ఉరికించి కేంద్రకాలను ఢీకొట్టించడమే.

ఎఫ్‌డీజీ పెట్-సీటీ

తల, మెడ కేన్సర్లలో ఎక్కువగా వాడే ట్రేసర్ ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్, వాడుకలో ఎఫ్‌డీజీ. గ్లూకోజ్ అణువులో ఒక మూల ఫ్లోరిన్-18 చేర్చి దీన్ని తయారుచేస్తారు. కేన్సర్ కణాలు మామూలు కణాల కన్నా చాలా ఎక్కువ చక్కెరను వాడుకుంటాయని జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. ఎఫ్‌డీజీని ఆ కణాలు గ్లూకోజే అనుకుని లోపలికి లాక్కుంటాయి. తొలి రసాయన చర్య దాకా అంతా మామూలే. ఆ తరవాతి మెట్టు దగ్గర ఈ నకిలీ చక్కెర ఇరుక్కుపోయి, కణంలోనే పోగుపడుతుంది. ఫ్లోరిన్-18 క్షీణించినప్పుడు పాజిట్రాన్ వెలువడుతుంది. అది పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి నశించి, 511 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఫోటాన్లు రెండింటిని ఎదురెదురు దిక్కులకు విసురుతుంది. చుట్టూ వలయంగా అమర్చిన డిటెక్టర్లు ఆ జంటలను ఒకే క్షణంలో పట్టుకుని, అవి ఏ గీత మీద పుట్టాయో లెక్కగడతాయి.

మనిషికి మొదటిసారి ఎఫ్‌డీజీ ఇచ్చింది 1976లో, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. చాలాకాలం పెట్ చిత్రం మీద వెలుగు మచ్చ కనిపించేది గాని అది టాన్సిల్‌లోనిదో, దాని పక్క గ్రంథిలోనిదో తేలేది కాదు. డేవిడ్ టౌన్‌సెండ్, రొనాల్డ్ నట్ రూపొందించిన పెట్-సీటీ ఉమ్మడి యంత్రం 1998లో పిట్స్‌బర్గ్‌లో పనిచేయడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది తీరింది. మెడ విషయంలో ఈ కలయికతో వచ్చినంత లాభం శరీరంలో ఇంకెక్కడా రాలేదంటే అతిశయోక్తి కాదు.

స్కాన్‌కు వచ్చే రోగి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. మధుమేహం ఉన్నవారికి మందుల వేళలు ముందే సర్దుతారు. రక్తంలో చక్కెర లీటరుకు 11 మిల్లీమోల్స్ దాటితే, అంటే మన లెక్కలో సుమారు 200 మిల్లీగ్రాములు దాటితే, స్కాన్ వాయిదా వేయడమే సాధారణం. ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా, ఏదీ నమలకుండా పడుకోవాలి. మాట్లాడితే స్వరపేటిక కండరాలు, నమిలితే దవడ కండరాలు ఎఫ్‌డీజీని పీల్చుకుని చిత్రంలో కణితిలా వెలుగుతాయి. చలి కూడా చిక్కే. మెడ చుట్టూ, భుజాల పైన ఉండే గోధుమ రంగు కొవ్వు చలికి వేడి పుట్టించడానికి చక్కెర మండిస్తుంది. ఐర్లండ్ వంటి చలిదేశంలో రోగిని దుప్పటి కప్పి వెచ్చగా ఉంచడం మర్యాద కోసం మాత్రమే కాదు.

ఏ ప్రశ్నకు జవాబు

పేరులో గుర్తింపు అని ఉన్నా, నోటి పుండునో బొంగురు గొంతునో మొదట కనిపెట్టేది పెట్ స్కాన్ కాదు. ఐర్లండ్‌లో ఆ పని కుటుంబ వైద్యుడిది, దంతవైద్యుడిది. మూడు వారాలకు మానని పుండు, తగ్గని బొంగురు, మెడలో నొప్పిలేని గడ్డ కనిపిస్తే చెవి, ముక్కు, గొంతు నిపుణుడి దగ్గరికి పంపుతారు. ఆయన సన్నని గొట్టంతో గొంతు చూసి, ముక్క తీసి పరీక్షకు పంపిస్తాడు. కేన్సర్ అని తేల్చేది ఆ ముక్క పరీక్షే. న్యూక్లియర్ మెడిసిన్ వంతు తరవాత వస్తుంది. రోగులందరికీ అక్కర్లేదు కూడా. పెదవి మీద చిన్న పుండుకు పెట్ స్కాన్ తీయడం దండగ.

పెట్ స్కాన్ జవాబివ్వగల మొదటి ప్రశ్న మూలం ఎక్కడన్నది. అది నిజంగా అక్కరకొచ్చేది మూలం దొరకని కేన్సర్‌లో. మెడలో గడ్డ ఉంటుంది. సూదితో తీసి చూస్తే స్క్వేమస్ కేన్సర్ అని తేలుతుంది. కానీ అది ఎక్కడి నుంచి పాకి వచ్చిందో నోట్లో, గొంతులో ఎంత వెతికినా కనబడదు. సాధారణంగా దొంగ దాక్కునేది టాన్సిల్ మడతల్లోనో నాలుక మొదట్లోనో. మిగతా పరీక్షలన్నీ చేతులెత్తేసిన ఇలాంటి రోగుల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో పెట్-సీటీ మూలాన్ని చూపగలుగుతుంది. మూలం దొరికితే అక్కడికే రేడియేషన్ ఇవ్వవచ్చు. దొరక్కపోతే గొంతంతటికీ ఇవ్వాల్సి రావచ్చు, ఆపైన జీవితాంతం ఎండిన నోరు, మింగలేని ఇబ్బంది. ఈ స్కాన్‌ను మూలం కోసం గొంతులో ముక్కలు తీయడానికి ముందే చేయాలి. కోసిన చోట వాపు వస్తుంది, వాపు కూడా చక్కెర పీలుస్తుంది. వరస మారితే ఫలితం పాడవుతుంది.

ఐర్లండ్‌లో ఈ తరహా రోగులు పెరగడానికి కారణం హ్యూమన్ పాపిల్లోమా వైరస్. పొగాకు, మద్యం అక్కడి పాత కారణాలు. పని ప్రదేశాల్లో పొగతాగడాన్ని దేశమంతటా నిషేధించిన మొదటి దేశం ఐర్లండే. ఆ నిషేధం 2004 మార్చి 29న అమల్లోకి వచ్చింది. కాగా వైరస్ వల్ల టాన్సిల్, నాలుక మొదలులో వచ్చే కేన్సర్లు పాశ్చాత్య దేశాలన్నిటిలోలాగే అక్కడా ఎక్కువయ్యాయి. బడి ఆడపిల్లలకు 2010 నుంచి, మగపిల్లలకు 2019 నుంచి ఈ వైరస్‌కు టీకా వేస్తున్నారు. తెలుగునాట పరిస్థితి వేరు. ఇక్కడ పొగాకు నమలడం వల్ల బుగ్గ, నాలుక కేన్సర్లు, ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటు వల్ల అంగిలి కేన్సర్లు పేరుమోశాయి. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకునే ఆ అలవాటు మీద డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం పది వేల మందికి పైగా గ్రామీణులను పరీక్షించి 1971లో అధ్యయనం ప్రచురించింది. అంగిలి పుండు నోరు తెరిస్తే కనిపిస్తుంది. నాలుక మొదట్లోది కనిపించదు. అందుకే ఐర్లండ్ తరహా రోగుల్లో పెట్ స్కాన్ అవసరం ఎక్కువ.

రెండో ప్రశ్న ఎంతవరకు పాకిందన్నది. ముదిరిన కేన్సర్లలో ఊపిరితిత్తులు, ఎముకలు, కాలేయం ఒకేసారి చూడడానికి పెట్-సీటీ వీలిస్తుంది. పొగతాగేవారిలో ఊపిరితిత్తుల్లోనో అన్నవాహికలోనో ఇంకో కొత్త కేన్సర్ కూడా ఉండడం అరుదేమీ కాదు. అది బయటపడితే చికిత్స ప్రణాళికే మారిపోతుంది. రేడియేషన్ వైద్యులు అదే చిత్రాన్ని కిరణాల హద్దులు గీసుకోవడానికీ వాడుకుంటారు.

చికిత్స తరవాత ఏమైనా మిగిలిందా అన్నది మూడో ప్రశ్న. ఈ విషయంలోనే గట్టి సాక్ష్యం ఉంది. ఒకప్పుడు మెడ గ్రంథులకు బాగా పాకిన రోగికి కీమో, రేడియేషన్ పూర్తయ్యాక, మిగిలి ఉంటుందేమోనన్న అనుమానంతో మెడ గ్రంథులన్నీ తీసేసే పెద్ద ఆపరేషన్ చేసేవారు. బ్రిటన్‌లో జరిగిన పెట్-నెక్ పరిశోధనలో 564 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాత పద్ధతిలో ఆపరేషన్. రెండో గుంపుకు 12 వారాల తరవాత పెట్-సీటీ తీసి, అందులో అనుమానం మిగిలితేనే ఆపరేషన్. 2016లో వెలువడిన ఫలితాల్లో రెండేళ్లు బతికినవారు స్కాన్ గుంపులో 84.9 శాతం, ఆపరేషన్ గుంపులో 81.5 శాతం. మెడ ఆపరేషన్లు మాత్రం 221కి బదులు 54తో సరిపోయాయి. భుజం ఎత్తలేకపోవడం, మెడ బిగుసుకుపోవడం వంటి బాధలు అంతమందికి తప్పాయి. ఖర్చూ తగ్గింది. 12 వారాలు ఆగమనడానికి కారణం ఉంది: రేడియేషన్ వల్ల కందిన కణజాలం చల్లారకముందే స్కాన్ తీస్తే ఆ మంటే కేన్సర్‌లా కనిపిస్తుంది.

కాపలా గ్రంథి, టెక్నీషియం

నోటి కేన్సర్ చిన్నదిగా ఉండి, చేతికి గాని స్కాన్‌కు గాని మెడ గ్రంథులేవీ తగలని రోగుల్లోనూ 20 నుంచి 30 శాతం మందికి సూక్ష్మంగా పాకి ఉంటుంది. కొద్ది మిల్లీమీటర్ల కన్నా చిన్న కణాల గుంపును పెట్ పట్టలేదు. ఇక్కడ అక్కరకొచ్చేది పాత గామా కెమెరా. కణితి చుట్టూ టెక్నీషియం-99ఎం కలిపిన నానోకొల్లాయిడ్ మందును సూదితో ఎక్కిస్తే, అది శోషరసంతో పాటు కదిలి మొదటి గ్రంథిలో ఆగుతుంది. దాన్ని కాపలా గ్రంథి అనవచ్చు. కేన్సర్ పాకితే మొదట చేరేది అక్కడికే. శస్త్రవైద్యుడు చేతి డిటెక్టరు చప్పుడును బట్టి ఆ ఒక్క గ్రంథిని వెతికి తీస్తాడు. అందులో కేన్సర్ లేకపోతే మెడ జోలికి పోనక్కర్లేదు. నాలుక కింది కణితుల్లో మాత్రం ఇంజెక్షన్ చోటి వెలుగు పక్కనే ఉన్న గ్రంథిని కప్పేస్తుంది. ముఖం మీద, నెత్తి మీద వచ్చే మెలనోమాకూ ఇదే పద్ధతి. తెల్లని పలచటి చర్మమున్న ఐరిష్ జనంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది చర్మ కేన్సరే కాబట్టి అక్కడ దీనికి పని తక్కువేమీ ఉండదు.

టెక్నీషియం-99ఎం అర్ధాయుష్షు 6 గంటలు. దాని మాతృక మాలిబ్డినం-99ది 66 గంటలు. మాతృకను నింపిన జనరేటరు డబ్బా ఆసుపత్రికి చేరితే, వారం పాటు రోజూ దాన్నుంచి టెక్నీషియం పిండుకోవచ్చు. మాలిబ్డినం తయారయ్యేది మాత్రం నెదర్లాండ్స్‌లోని పెట్టెన్, బెల్జియంలోని బీఆర్-2 వంటి కొద్దిపాటి పాత రియాక్టర్లలో. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు మూతపడినప్పుడు ప్రపంచమంతా, 2024 అక్టోబరులో పెట్టెన్ ఆగినప్పుడు ఐరోపా అంతటా కొరత వచ్చింది. సొంత రియాక్టరు లేని దేశానికి ఇది ఇతరుల మరమ్మతుల పట్టిక మీద ఆధారపడిన వైద్యం.

థైరాయిడ్

థైరాయిడ్ కణాలు అయోడిన్‌ను రక్తం నుంచి ఏరుకుంటాయి. అయోడిన్ రేడియోధార్మికమైనదా కాదా అన్న తేడా వాటికి తెలియదు. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ మొదటిసారి రేడియో అయోడిన్‌తో థైరాయిడ్ రోగికి చికిత్స చేశాడు. అయోడిన్-131 అర్ధాయుష్షు 8 రోజులు. దాని గామా కిరణాలు చిత్రానికీ, బీటా కిరణాలు కణాల నాశనానికీ పనికొస్తాయి. చిత్రం ఒక్కటే కావాలంటే 13 గంటల అయోడిన్-123 మేలు. ఆపరేషన్‌తో గ్రంథి తీసేశాక మెడలోనో ఊపిరితిత్తుల్లోనో మిగిలిన థైరాయిడ్ కేన్సర్ కణాలను ఇలా పట్టుకుంటారు. కాలక్రమంలో ఆ కణాలు అయోడిన్ పీల్చడం మరిచిపోతే, అప్పుడు ఎఫ్‌డీజీ పెట్ అవసరమవుతుంది. మెడల్లరీ రకంలో అయోడిన్ పనిచేయదు. గాలియం-68 డోటాటేట్ వంటి వేరే ట్రేసర్లు కావాలి. మెడ ధమని పక్కన పెరిగే పారాగాంగ్లియోమా కణితులనూ డోటాటేట్ బాగా చూపుతుంది.

రేడియో అయోడిన్ ఇచ్చే ముందు ఒకటి రెండు వారాలు ఆహారంలో అయోడిన్ తగ్గించాలి. ఐర్లండ్ పడమటి తీరంలో డిలిస్క్, క్యారగీన్ అనే సముద్రపు నాచులను ఎండబెట్టి తినడం తరతరాల అలవాటు. వాటిలో అయోడిన్ దండిగా ఉంటుంది. అవి తిన్నవారి థైరాయిడ్ కణాలు నిండిపోయి మందును పట్టించుకోవు. సీటీ స్కాన్‌కు వాడే అయోడిన్ మందుతోనూ ఇదే చిక్కు, కాబట్టి రెంటి మధ్య వారాల ఎడం ఉంచుతారు. ఇదే సూత్రాన్ని తలకిందులుగా వాడిన సందర్భం ఐరిష్ జనానికి బాగా గుర్తు. 2002లో ప్రభుత్వం ప్రతి ఇంటికీ తపాలాలో అయోడిన్ మాత్రలు పంపింది. ఎదుటి తీరంలో బ్రిటన్‌కు చెందిన సెల్లాఫీల్డ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగితే, ముందుగా ఈ మాత్ర మింగి థైరాయిడ్‌ను నింపేసుకుంటే రేడియోధార్మిక అయోడిన్‌కు అక్కడ చోటుండదని ఆలోచన.

తప్పుదారి పట్టించేవి

టాన్సిల్స్, లాలాజల గ్రంథులు, స్వరపేటిక ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొంత ఎఫ్‌డీజీ పీలుస్తాయి. ఒక టాన్సిల్ రెండోదాని కన్నా ఎక్కువ వెలిగితేనే అనుమానం. ఒకవైపు స్వరతంత్రి చచ్చుబడితే రెండోది ఎక్కువ కష్టపడి వెలుగుతుంది. అనుభవం లేని కళ్లకు అదే కేన్సర్. చెంపల దగ్గరి పరోటిడ్ గ్రంథిలో వచ్చే వార్తిన్ కణితి ప్రమాదం లేనిదే అయినా భగ్గుమంటూ కనిపిస్తుంది. వైరస్ వల్ల వచ్చే కేన్సర్లలో గ్రంథి లోపల కుళ్లి నీరు నిండి, జీవకణాలు అంచున సన్నగా మాత్రమే మిగలడం మామూలు. అప్పుడు నిజమైన కేన్సరే మసకగా ఉంటుంది. వేరే పని మీద తీసిన పెట్‌లో థైరాయిడ్‌లో ఒకేచోట మెరుపు కనిపిస్తే మూడింట ఒకటి కేన్సర్ అయ్యే అవకాశముంది కాబట్టి అల్ట్రాసౌండ్, సూది పరీక్ష చేయిస్తారు.

ఐర్లండ్‌లో ఏర్పాటు

2007లో మొదలైన జాతీయ కేన్సర్ నియంత్రణ కార్యక్రమం కేన్సర్ వైద్యాన్ని ఎనిమిది ఆసుపత్రుల చుట్టూ కేంద్రీకరించింది. వాటిలో నాలుగు డబ్లిన్‌లోనివి: సెయింట్ జేమ్స్, బోమాంట్, మేటర్, సెయింట్ విన్సెంట్స్. మిగిలినవి కార్క్, వాటర్‌ఫర్డ్, లిమరిక్, గాల్వే నగరాల్లో ఉన్నాయి. 1994 నుంచి దేశమంతటి కేన్సర్ కేసులను కార్క్‌లోని జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ నమోదు చేస్తోంది. శస్త్రవైద్యుడు, రేడియేషన్ వైద్యుడు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు కలిసి కూర్చునే వారపు సమావేశంలో ఒక్కో రోగి స్కాన్‌ను చర్చిస్తారు. ఆసుపత్రుల మధ్య చిత్రాలు పంచుకోవడానికి నిమిస్ అనే జాతీయ వ్యవస్థ ఉంది.

చిత్రం తీగ మీద ప్రయాణిస్తుంది గాని మందు రోడ్డు మీదే ప్రయాణించాలి. ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు 110 నిమిషాలు. డబ్లిన్ నుంచి గాల్వేకు రెండున్నర గంటల దారి అనుకుంటే, బయల్దేరినదాంట్లో 40 శాతం కూడా మిగలదు. ఆ నష్టాన్ని లెక్కేసి ముందే ఎక్కువ నింపి పంపాలి. అట్లాంటిక్ అంచున డనిగాల్, కెర్రీ జిల్లాల్లో ఉండేవారు స్కాన్ కోసం గంటల తరబడి ప్రయాణించక తప్పదు. రేడియేషన్ చికిత్స వరకు డనిగాల్ వాసులకు కొంత ఊరట ఉంది. 2016లో సరిహద్దు ఆవల డెరీ నగరంలోని ఆల్ట్నగెల్విన్ ఆసుపత్రిలో తెరిచిన కేంద్రానికి ఐర్లండ్ ప్రభుత్వమూ డబ్బు పెట్టింది. వారు అక్కడ చికిత్స పొందవచ్చు.

రేడియోధార్మిక పదార్థాల లైసెన్సులు పర్యావరణ పరిరక్షణ సంస్థ చూస్తుంది. రోగికి అందే రేడియేషన్‌పై పర్యవేక్షణ 2019 నుంచి హిక్వా అనే ఆరోగ్య నాణ్యతా సంస్థది. ఐరోపా నిబంధనల ప్రకారం ప్రతి స్కాన్‌కూ అవసరమేమిటో ముందే నమోదు కావాలి. 300 మెగాబెకరెల్ ఎఫ్‌డీజీతో రోగికి అందేది దాదాపు 6 మిల్లీసీవర్టులు. సీటీ భాగం మరికొంత కలుపుతుంది. ఐర్లండ్‌లో సగటు మనిషికి అన్ని మార్గాల్లో కలిపి ఏడాదికి సుమారు 4 మిల్లీసీవర్టులు అందుతాయి. అందులో సగానికి పైగా నేలలోంచి ఇళ్లలోకి చేరే రేడాన్ వల్లే. స్కాన్ తీయించుకున్నవారు ఆ కొద్ది గంటలు చంటిపిల్లలకు, గర్భిణులకు ఎడంగా ఉండి, నీళ్లు బాగా తాగాలి. అయోడిన్-131 చికిత్స మోతాదు తీసుకున్నవారికి మాత్రం ప్రత్యేక గదిలో బస, ఇంటికెళ్లాక కొన్నాళ్ల దాకా జాగ్రత్తలు తప్పవు.